మూడు నెలల మంచం

వాళ్ళిద్దరి పరిచయం కొరకడంతో మొదలైంది. కొరికింది పిల్లాడు, కొరికించుకుంది అతను.

అతను పళ్ళు తయారుచేసే పనివాడు. డాక్టరు కాదు. డాక్టర్లు తీసి పంపిన నోటి అచ్చుల్ని బట్టి కట్టుడు పళ్ళూ, క్యాపులూ చేసిస్తాడు. మందుల షాపు పైన రెండు చిన్న గదులు అతని పనిచోటు. గోడ పొడవునా అరల్లో తెల్లటి ప్లాస్టరు దవడలు, ఒక్కోదాని మీద పెన్సిలుతో రాసిన నంబరు. ఇరవై రెండేళ్ళుగా ఊరి నోళ్ళన్నీ అతని చేతుల్లోంచే వెళ్ళాయి గాని, అతను మాత్రం నోట్లో నాలుక లేని మనిషి. తల్లి మంచాన పడ్డ ఆరేళ్ళూ అన్నీ తనే చూసుకున్నాడు. పెళ్ళి మాట వచ్చినప్పుడల్లా "చూద్దాంలే" అన్నాడు. ఆవిడ పోయేసరికి అడిగేవాళ్ళే లేకపోయారు. చూస్తూ చూస్తూ నలభై మూడేళ్ళు నిండాయి.

ఒకరోజు పళ్ళ డాక్టరు దగ్గర పనిచేసే అమ్మాయి సెలవు పెట్టింది. పిల్లల హోంలో ఒక కుర్రాడికి ముందు పన్ను సగం విరిగిందనీ, అచ్చు తియ్యడానికి ఓ చెయ్యి సాయం కావాలనీ డాక్టరు అడిగితే ఇతను వెళ్ళాడు. మెత్తటి ముద్ద నింపిన రేకు పిల్లాడి నోట్లో పెట్టి, చిగురు మీద వేలు ఆనించాడో లేదో, కసుక్కుమంది. రక్తం బొటబొటా కారింది.

పిల్లాడు పారిపోలేదు. కుర్చీలోంచి దిగి, కళ్ళు గట్టిగా మూసుకుని, ఎడమ చెంప కాస్త ముందుకు పెట్టి నిలబడ్డాడు. దెబ్బ కోసం ఎదురుచూస్తున్నాడన్నమాట. ఎవరూ కొట్టలేదు. డాక్టరు దూది వెతుక్కుంటున్నాడు. ఎంతసేపటికీ ఏమీ జరగకపోయేసరికి పిల్లాడు ఒక్క కన్ను మాత్రం తెరిచి, ఏమైందా అని చూశాడు.

ఆ ఒక్క కన్ను అతన్ని వదల్లేదు. క్యాపు రంగు కుదరలేదని మూడుసార్లు మళ్ళీ చేశాడు. అది పెట్టాక, ఒత్తుకుంటోందేమో చూద్దామని ఒకసారి వెళ్ళాడు. కదులుతోందేమోనని మరోసారి వెళ్ళాడు. నాలుగోసారికి హోం ఆఫీసరమ్మ కళ్ళజోడు పైనుంచి చూసి, "పన్ను బాగానే ఉందండీ. మీకే ఏదో బాగాలేనట్టుంది. ఏమిటి సంగతి?" అంది.

అప్పుడు అడిగాడు. ఒంటరి మగవాడికి పిల్లాణ్ణి దత్తత ఇస్తారా అని.

ఆవిడ ఫైలు తీసి ముందు పెట్టింది. "పదకొండేళ్ళు. ఇప్పటికి రెండిళ్ళకి వెళ్ళొచ్చాడు. మొదటివాళ్ళు నాలుగు నెలలకి తెచ్చి దింపేశారు. రెండోవాళ్ళు పదకొండు వారాలకే. కారణం ఇద్దరూ ఒకటే రాశారు."

"కొరుకుతాడనా?"

"మీకు చెప్పక్కర్లేదుగా," అంది అతని వేలికున్న కట్టు చూస్తూ. "పసిపిల్లల కోసమైతే జనం క్యూలో నిలబడతారు. వీణ్ణి అడిగినవాళ్ళు ఈ రెండేళ్ళలో మీరే. అందుకని సంతోషపడి వెంటనే ఇచ్చెయ్యను. ఆర్నెల్లు మీ దగ్గర ఉంటాడు. నేను నెలనెలా వచ్చి చూస్తాను. ఆ తర్వాతే కోర్టు."

అక్కకి చెప్పడం ఆఫీసరమ్మకి చెప్పడం కంటే కష్టమైంది. ఆవిడ బట్టలు కుట్టే దుకాణంలో పనిచేస్తుంది. నోట్లో గుండుసూదులు పెట్టుకుని కూడా మాట్లాడగల మనిషి.

"పెళ్ళి చేసుకోరా అంటే ఇరవయ్యేళ్ళు నాన్చావు. ఇప్పుడేమో ఏకంగా పదకొండేళ్ళ కొడుకా? ఆలూ లేదు చూలూ లేదు అని ఊరికే అన్నారా పెద్దవాళ్ళు?"

"రెండుసార్లు తిరిగొచ్చాడక్కా."

"అదే చెప్తున్నా. ఇద్దరు వద్దనుకున్నవాణ్ణి వెతుక్కుంటూ వెళ్ళావు. పళ్ళూడగొట్టుకోడానికి ఏ రాయైతేనేం అనుకున్నావా?" సూదులు ఒక్కొక్కటే తీసి డబ్బాలో వేసింది. చివరికి, "దిండుందా వాడికి?" అని అడిగింది. లేదన్నాడు. మర్నాడు కొత్త గలీబుతో సహా దిండు పంపించింది.

పిల్లాడు ఒకే ఒక సంచితో వచ్చాడు. దాన్ని గదిలో మంచం కింద తోసి, "ఇక్కడే ఉండనీండి సార్," అన్నాడు. బీరువాలో అతను ఖాళీ చేసిపెట్టిన రెండు అరలు అలాగే ఖాళీగా ఉండిపోయాయి. పొద్దున్నే సంచిలోంచి చొక్కా తీసుకోవడం, ఉతికాక మడతపెట్టి మళ్ళీ సంచిలో పెట్టడం. నాలుగు వారాలు వాడు ఇంట్లో ఉన్నాడంటే ఉన్నాడు. తిన్న కంచం కడిగేవాడు, ఫ్యానుకి కూడా పర్మిషన్ అడిగేవాడు. అతనూ వాణ్ణి "బాబూ" అనే పిలిచేవాడు, ఏదైనా చెప్పాలంటే ముందు గొంతు సవరించుకునేవాడు. ఇల్లు డాక్టరు దగ్గర బయటి బల్లలా ఉండేది. ఇద్దరూ తమ వంతు కోసం కూర్చున్నట్టు.

అయిదో వారంలో అల్లరి మొదలైంది. ఒకరోజు పిల్లాడు దుప్పటి మీద బకెట్టు నీళ్ళు కుమ్మరించాడు. ఇంకోరోజు పనిచోటుకి వచ్చి, ఒక ముసలాయన పైపళ్ళ సెట్టుని కిటికీలోంచి కిందికి విసిరాడు. మందుల షాపువాడు దాన్ని రెండు వేళ్ళతో పట్టుకుని పైకి తెచ్చి, "ఎవరో నవ్వుతూ పడ్డారండీ," అన్నాడు. అతను అది విరగలేదని చూసుకుని, కడిగి, మళ్ళీ మెరుగుపెట్టడానికి కూర్చున్నాడు. పిల్లాడు గుమ్మంలో నిలబడి అడిగాడు:

"ఎప్పుడు పంపిస్తారు సార్?"

"ఎక్కడికి?"

"అక్కడికే."

"ఇది రేపటికి ఇవ్వాలి. ఆ చిన్న బ్రష్షు ఇలా అందుకో బాబూ," అన్నాడు అతను. రాత్రుళ్ళు మాత్రం నిద్ర పట్టేది కాదు. వీధి తలుపు గొళ్ళెం కదిలిన చప్పుడవుతుందేమోనని ఒక చెవి అటే వేసి పడుకునేవాడు.

రెండో నెల చివర్లో అక్క వచ్చింది. మాసిన బట్టలు నానబెడదామని మంచం కింద సంచి లాగి జిప్పు తీసింది. పిల్లాడు ఎక్కణ్ణుంచి వచ్చాడో, ఆవిడ మణికట్టు పట్టుకుని కొరికేశాడు.

అక్క కేకలు వెయ్యలేదు. కుళాయి కింద చెయ్యి పెట్టి చాలాసేపు కడుక్కుంది. తమ్ముడు మందు రాస్తుంటే అంది: "వాడి ముందు పన్ను నువ్వే చేశావుగా. మరీ అంత బాగా చెయ్యకపోతే ఏం పోయింది?" నవ్వించాలనే అంది గాని ఆవిడ కళ్ళు తడిగా ఉన్నాయి. వెళ్తూ వెళ్తూ గుమ్మంలో ఆగి, "వాడి సంచి నేను ముట్టుకోవాల్సింది కాదు. అయినా నాకు భయమేస్తోందిరా నీ గురించి," అంది.

ఆ తర్వాత మూడు వారాలకి స్కూలు నుంచి ఫోను వచ్చింది. ఒక పిల్లాడి చేతి మీద పంటి గాటు పడిందట. మీవాడు ఒప్పుకున్నాడు, వెంటనే రండి అన్నారు.

చేతికంటిన ప్లాస్టరు పొడి కూడా కడుక్కోకుండా పరిగెత్తాడు. హెడ్ మేడమ్ గదిలో ఆవిడా, క్లాసు టీచరూ, చేతికి రుమాలు చుట్టుకున్న కుర్రాడూ, వాడి తల్లీ ఉన్నారు. ఆ తల్లి ఏదో ఆఫీసు యూనిఫాంలో ఉంది, పని మధ్యలో వచ్చినట్టుంది. అతని పిల్లాడు గోడకి ఆనుకుని, కళ్ళు మూసుకుని, ఎడమ చెంప ముందుకి పెట్టి నిలబడి ఉన్నాడు.

అతను వాణ్ణేమీ అడగలేదు. తిన్నగా ఆ తల్లి దగ్గరికి వెళ్ళి, "క్షమించండమ్మా. తప్పు నాది, నేను సరిగ్గా చూసుకోలేకపోయాను," అని చేతులు జోడించాడు.

"మాటలకేం లెండి," అంది ఆవిడ. "మా వాడి చెయ్యి చూడండి ఒకసారి." రుమాలు విప్పింది.

అతను చూశాడు. తండ్రిగా చూద్దామనే వంగాడు గాని, ఇరవై రెండేళ్ళ అలవాటు ఎక్కడికి పోతుంది? కళ్ళు వాటంతటవే లెక్క మొదలుపెట్టాయి. చిన్న గాటు. గుండ్రంగా, సీసా మూతంత. పంటికీ పంటికీ మధ్య సమానంగా సందులు. అతను చెయ్యిని వెలుతురు వైపు తిప్పి మళ్ళీ చూశాడు. లోపల ఏదో కుదురుకున్నట్టయింది.

"మేడమ్, ఒక గ్లాసు వేడినీళ్ళు దొరుకుతాయా?"

టీ పెట్టే మనిషి తెచ్చిచ్చింది. అతను చొక్కా జేబులోంచి గులాబీరంగు మైనం రేకు తీశాడు. పళ్ళ వరస పట్టి చూసే మైనం, అతని జేబులో పెన్నులాగా ఎప్పుడూ ఉండేదే. వేడినీళ్ళలో ముంచి, మెత్తబరిచి, రెండు మడతలు వేసి, గోడ దగ్గరికి వెళ్ళాడు.

"కొరుకు," అన్నాడు.

పిల్లాడు ఒక కన్ను తెరిచాడు. "ఏంటి?"

"దీన్ని కొరుకు."

పుట్టి బుద్ధెరిగాక వాణ్ణి కొరకొద్దన్నవాళ్ళే గాని కొరకమన్నవాళ్ళు లేరు. పెదవులతో పట్టుకున్నట్టుగా మెల్లిగా కొరికాడు.

"అలా కాదు. నా వేలు కొరికావే, అలా కొరుకు."

కసుక్కుమని కొరికాడు. అతను మైనాన్ని బల్ల మీద పెట్టి, రెండో కుర్రాడి చెయ్యి పక్కనే పెట్టించాడు. చెప్పేటప్పుడు గొంతు సవరించుకోలేదు.

"చూడండి మేడమ్. మావాడికి కింద ఎడమవైపు కోరపన్ను వరసలో లేదు, బయటికి పొడుచుకొచ్చింది. మైనంలో ఇదిగో, ఇక్కడ విడిగా గుంట పడింది. ఎక్కడ కొరికినా అది పడి తీరుతుంది. ఈ చేతి మీద లేదు. పైగా ఈ గాటు మైనం మీది కంటే చిన్నది. ఇవి పాలపళ్ళు. అయిదారేళ్ళ పిల్లల నోరు."

ఆ తల్లి మెల్లిగా కొడుకు వైపు తిరిగింది. "ఒరేయ్. చెల్లాయా?"

కుర్రాడు బిక్కమొహం వేశాడు. "పొద్దున నువ్వు డ్యూటీకెళ్ళాక... రిమోట్ ఇవ్వలేదని. చెప్తే నన్నే తిడతావని..."

"మరి వీడి పేరెందుకు చెప్పావు?"

"నేను చెప్పలేదమ్మా. ఎవరు కొరికారని టీచరడిగారు. అందరూ వీడి వైపు చూశారు. వీడే లేచి నేనే అన్నాడు."

ఆవిడ రుమాలు మళ్ళీ చుట్టడం మొదలుపెట్టింది. ఎలా కట్టినా ముడి నిలవడంలేదు. కాసేపటికి, "నన్ను క్షమించండి," అంది. అని ఆగి, గోడ దగ్గరున్నవాడి వైపు తిరిగి, "నువ్వు కూడా బాబూ," అంది.

మిగతా క్లాసులకి సెలవడిగి ఇద్దరూ నడిచి బయల్దేరారు. సైకిల్ షాపు దాటాక అతను అడిగాడు:

"చెయ్యనిది నేనే చేశానని ఎందుకు చెప్పావు?"

"ఎలాగూ నేనే అంటారు. ముందే చెప్పేస్తే తొందరగా అయిపోద్ది."

"అయిపోతే?"

పిల్లాడు కాలితో రాయిని తన్నుకుంటూ నాలుగడుగులు వేశాడు. "ఇవాళ ఎనభై మూడో రోజు సార్. మూడు నెల్లు దాటితే అక్కడ నా మంచం వేరేవాళ్ళకిచ్చేస్తారు."

మొదటింటి నుంచి నాలుగు నెలలకి తిరిగొచ్చినప్పుడు వాడికి మంచం లేదు, హాల్లో కింద చాప మీద పడుకోబెట్టారు. రెండోసారి పదకొండు వారాలకే వచ్చాడు, కిటికీ పక్క తన మంచం తనకే దొరికింది. దాన్నిబట్టి వాడు లెక్క కట్టుకున్నాడు. స్కూలు డైరీ వెనక పేజీలో రోజుకో గీత. దుప్పటి తడిపిందీ, పళ్ళసెట్టు విసిరిందీ, ఇవాళ నేరం నెత్తినేసుకుందీ, గడువులోపల పంపేస్తారని.

ఎప్పటికీ పంపనురా అని చెప్పెయ్యాలనిపించింది అతనికి. కానీ ఆ మాట ఇంతకు ముందు ఇద్దరు చెప్పే ఉంటారు.

"పంపనని వాళ్ళూ అన్నారా?"

"రెండోవాళ్ళు ఒట్టు కూడా వేశారు."

"అయితే నేను అననులే. తొంభై ఒకటో రోజు పొద్దున లేచాక ఎక్కడున్నావో నువ్వే చూసుకో." కొంచెం ఆగి, "ఇంకోటి. ఇందాక నేను కూడా నువ్వే చేశావనుకున్నాను. నిన్నడక్కుండానే ఆవిడకి దణ్ణం పెట్టాను. అది తప్పు," అన్నాడు.

"పర్లేదు సార్. అందరూ అలాగే అనుకుంటారు."

"పర్లేదు కాదు. నేను అందరిలో ఒకణ్ణైతే ఇంక నేనెందుకు?"

పిల్లాడు రాయిని తన్నడం మానేశాడు.

ఆ వారం ఎలా గడిచిందో అతనికే తెలియాలి. తొంభయ్యో రోజు పొద్దున్న పిల్లాడు సంచి తెచ్చుకుని మెట్ల మీద కూర్చున్నాడు. అతను పనికి తాళాలు తీసుకుని బయటికొచ్చి, వాణ్ణి చూసి, పక్కన కూర్చున్నాడు. పాలవాడు వెళ్ళాడు. పేపరువాడు వెళ్ళాడు. ఎదురింటావిడ రెండుసార్లు వాకిట్లోకొచ్చి చూసి వెళ్ళింది. ఎండ మూడో మెట్టు దాకా వచ్చింది. అతను ఉండమనీ అనలేదు, వెళ్ళమనీ అనలేదు. భయంతో నోరు పెగల్లేదు, అంతే. చివరికి పిల్లాడే లేచాడు. "స్కూలుకి టైమైంది," అని సంచి లోపల పడేసి, పుస్తకాల సంచి తగిలించుకుని వెళ్ళిపోయాడు. ఆరోజు అతను చేసిన క్యాపు ఒక్కటీ సరిగ్గా రాలేదు.

మర్నాడు ఆదివారం. కాఫీ తాగుతుంటే పిల్లాడు వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. "ఆ మంచం ఇంకెవరికైనా ఇచ్చేయమని ఫోన్ చెయ్యండి."

చేశాడు. వాడికి కూడా వినపడాలని స్పీకరు పెట్టాడు.

"ఏ మంచమండీ?" అంది ఆఫీసరమ్మ.

చెప్పాడు.

"కిటికీ పక్కదా? అది వాడు మీ దగ్గరికొచ్చిన మర్నాడే ఇంకొకరికి ఇచ్చేశాం కదా. మూడు నెలల రూలేమిటి? అలాంటిదేం లేదు. మొదటిసారి గదికి రంగులేస్తున్నారు, అందరూ హాల్లోనే పడుకున్నారు. రెండోసారి వాడి అదృష్టం కొద్దీ ఖాళీగా ఉంది. ఎవరు చెప్పారు వాడికి?"

ఎవరూ చెప్పలేదు. ఫోను పెట్టేశాక పిల్లాడు నేల మీద చతికిలబడ్డాడు.

"అంటే, ఇన్నాళ్ళూ నాకక్కడ మంచమే లేదా?"

"లేదట."

"మరి నేను పొరపాటున వెళ్ళిపోయుంటే?"

"చాపే గతి."

పిల్లాడి మొహం ఎర్రబడింది. ఏడుస్తాడనుకున్నాడు అతను. వాడు లేచి ఖాళీ బకెట్టుని ఫెడీమని తన్నాడు. అది దొర్లుకుంటూ వెళ్ళి గోడకి కొట్టుకుని, మళ్ళీ వాడి కాళ్ళ దగ్గరికే వచ్చింది. దాంతో వాడికి నవ్వొచ్చింది. నవ్వు ఆపుకోలేక పొట్ట పట్టుకున్నాడు. ఆ నవ్వులోంచే ఏడుపూ వచ్చింది. అతను పక్కన కూర్చుని, ఏం చెయ్యాలో తెలియక, వీపు మీద చెయ్యి వేసి ఉంచాడు. కొరకలేదు. మధ్యాహ్నం దాకా పడుకుని లేచాక, వాడు బీరువాలో ఒక అరలో చొక్కాలు పెట్టుకున్నాడు. రెండో అరలో ఏం పెట్టాలో తోచక డైరీ పెట్టాడు.

అక్క మళ్ళీ వచ్చినప్పుడు పిల్లాడు మంచినీళ్ళు తెచ్చి రెండడుగుల దూరంలో నిలబడ్డాడు. ఆవిడ గ్లాసందుకుని, "దగ్గరికి రారా. నాకింకో చెయ్యి బాగానే ఉందిలే," అంది. పిల్లాడు చెవులదాకా సిగ్గుపడ్డాడు. సాయంత్రానికి ఆవిణ్ణి "అత్తా" అని పిలిచాడు. ఆవిడ వినపడనట్టు రెండోసారి పిలిపించుకుంది.

అంతా సాఫీగా జరిగిపోయిందని కాదు. లెక్కల పరీక్షలో సున్నా వచ్చింది. ఎదురింటి కుర్రాడితో పోట్లాటయింది, చొక్కా చిరిగింది. కానీ పోట్లాటలో చేతులు వాడాడు, పళ్ళు వాడలేదు. అది అభివృద్ధా కాదా అని అక్కా తమ్ముడూ గంటసేపు వాదించుకున్నారు.

ఆర్నెల్లు నిండాక కోర్టులో పిలుపొచ్చింది. అది కోర్టు హాలు కూడా కాదు, పుస్తకాలూ ఫైళ్ళూ నిండిన చిన్న గది. జడ్జిగారు ముసలావిడ. కాగితాలన్నీ చదివి, పిల్లాణ్ణి దగ్గరికి పిలిచి, "ఈయన దగ్గర ఉండటానికి నీకేమైనా అభ్యంతరముందా బాబూ? భయపడకుండా చెప్పు," అంది.

పిల్లాడు బాగా ఆలోచించాడు. అతనికి చెమటలు పట్టాయి.

"అన్నం మెత్తగా వండుతాడండీ. ఎన్నిసార్లు చెప్పినా వినడు."

"వండుతారు అనాలి," అంది ఆఫీసరమ్మ వెనకనుంచి గుసగుసగా.

"ఇంట్లో ఇలాగే అంటాను," అన్నాడు వాడు.

జడ్జిగారు నవ్వకుండా కాగితం మీద సంతకం పెట్టి, సీలు వేయించి, "నీళ్ళు తగ్గించి పొయ్యండి," అని అతని చేతికిచ్చింది.

బస్సులో కిటికీ పక్క సీటు కోసం వాడు ముందే ఎక్కేశాడు. అతను కాగితాన్ని సంచిలో పెట్టి, మళ్ళీ తీసి చూసి, మళ్ళీ పెట్టాడు. మధ్యాహ్నపు ఎండ, సగం ఖాళీ బస్సు. ఆర్నెల్లుగా గొళ్ళెం మీద వేసి ఉంచిన చెవిని అతను ఎప్పుడు తీసేశాడో తెలియలేదు. కళ్ళు మూతలు పడ్డాయి. పిల్లాడు లేపుతాడులే అనుకున్నాడు. వాడూ అదే అనుకున్నట్టుంది.

కండక్టరు భుజం తట్టేసరికి బస్సు డిపోలో ఉంది. దిగాల్సిన చోటు దాటి ఏడు స్టాపులు వచ్చేశారు. వెనక్కి వెళ్ళే బస్సు ఇంకో గంటకి గాని లేదు. నడక మొదలుపెట్టారు.

"నువ్వు పెద్దవాడివి, నువ్వు చూసుకోవాలి," అన్నాడు పిల్లాడు.

"కిటికీ పక్కన కూర్చుంది నువ్వు. స్టాపులు కనపడేది నీకా నాకా?"

"నిద్రలో ఎలా కనపడతాయి?"

"ఒరేయ్, వాదించకుండా నడు."

ఫోను మోగింది. అక్క. "ఏమిట్రా ఇంత ఆలస్యం? పని అయిందా లేదా? నాకిక్కడ చేతులాడటం లేదు."

"అయింది అక్కా. నిద్రపోయి బస్సు దిగడం మర్చిపోయాం."

"ఇద్దరూనా?"

అతను ముందుకి చూశాడు. పిల్లాడు పదడుగులు ముందు, చొక్కా వెనక బయటికొచ్చి, చెప్పులు ఈడ్చుకుంటూ పోతున్నాడు.

"ఇద్దరమూ," అన్నాడు.